శివారు చేనుకి నీళ్ళొచ్చిన దాళ్వా

గోదావరి డెల్టాలో నీళ్ళు లేని ఊరుందంటే హైదరాబాదులో నవ్వుతారు. రాజమండ్రిలో నమ్మరు. నరసాపురం దాటి సముద్రం వైపు ఉండేవాళ్ళు మాత్రం "ఏ కాలవ కిందండి?" అని అడుగుతారు. కాలవ పేరు, దాని కింది పిల్లకాలవ బోదె పేరు చెబితే చాలు, మీ ఇంట్లో ఈ ఏడు గాదె నిండిందో లేదో వాళ్ళే చెప్పేస్తారు.

గుల్లదిబ్బ అనే ఊరు అలాంటి ఒక పంటబోదె చిట్టచివర ఉంటుంది. ఊరికి మూడు పక్కలా నీళ్ళే. ఒక పక్క సముద్రపు పాయ, ఒక పక్క మురుగు కోడు, ఇంకో పక్క రొయ్యల చెరువులు. తాగడానికీ వరికీ పనికొచ్చే నీళ్ళు మాత్రం నాలుగో పక్క నుంచి రావాలి. మొదటి పంట సార్వాకి వానలుంటాయి గనక ఎలాగో గడిచిపోతుంది. చిక్కంతా రెండో పంట దాళ్వాకే. చలికాలం వచ్చేసరికి గోదావరి తగ్గుతుంది, పైవాళ్ళు వంతులు పెడతారు. ముందు పై చేలు, తర్వాత మధ్య చేలు, ఆఖర్న శివారు. పై చేలవాళ్ళకి తమ వంతు అయిపోయాక కూడా ఇంకొక్క పూట కావాలనిపిస్తుంది. మధ్య చేలవాళ్ళకీ అలాగే అనిపిస్తుంది. ఇందులో దుర్మార్గం ఏమీ లేదు. అన్నం వడ్డించేటప్పుడు మొదటి బంతిలో కూర్చున్నవాడికి ఆకలి తక్కువగా ఉండాలని ఎక్కడా లేదు. ఆఖరి బంతికి పప్పు అయిపోతుంది, అంతే.

ఈ బోదె మీద ఆఖరి తూము సూర్యకళది. చేను మూడెకరాలు. ఆవిడకి నలభై దాటాయి గాని గొంతు ఇంకా ఇరవైల్లోనే ఉంది. భర్త గణేష్‌బాబు స్కూలు వ్యాను నడుపుతాడు. "వ్యానులో పిల్లలరుస్తారు, ఇంట్లో నువ్వరుస్తావు. నాకు ఆ మధ్య రోడ్డే విశ్రాంతి" అంటాడు. భూమి అతనికీ, అన్నగారు బంగార్రాజుకీ ఉమ్మడిది. తమ్ముడికి స్టీరింగు, అన్నకి నడుంనొప్పి ఉండడంతో సేద్యం సూర్యకళ మీద పడిందని బంధువులు చెబుతారు. పడలేదు, ఆవిడే లాక్కుంది.

ఆ సంవత్సరం సార్వా వరి పొట్ట మీద ఉండగా బంగార్రాజు అరుగు మీద పంచాయితీ పెట్టాడు.

"చుట్టూ చెరువులే అయిపోయాయి. మన చేనొక్కటీ మధ్యలో మొండికేసి కూర్చుంది. దాళ్వాకి నీళ్ళెలాగూ రావు. చెరువు తవ్వేద్దాం."

"నీళ్ళు రాని చోట చెరువు తవ్వడం ఏంటి బావగారూ?"

"రొయ్యకి కావలసింది ఉప్పు నీళ్ళు, కాలవ నీళ్ళు కాదు. ఉప్పుకి మనకేం కరువు?"

ఆయన మాటలో న్యాయముంది. అందుకే సూర్యకళకి ఒళ్ళు మండింది. ఒకసారి ఉప్పు నీళ్ళు పెట్టిన చేను మళ్ళీ చేను కాదని ఆ పరగణాలో అందరికీ తెలుసు.

ఇక్కడ భూమి కన్నతల్లి అనీ, తల్లి గుండెల్లో గొయ్యి తవ్వుతామా అనీ ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుందని రాస్తే సభల్లో చదువుకోవడానికి బాగుంటుంది. ఆవిడ అలాంటిదేమీ అనలేదు. చెరువైతే కాపలాకి ఒకణ్ణి పెడతారు, మేతకి ఇంకొకణ్ణి పెడతారు. సూర్యకళ ఇంట్లో కూర్చోవాలి. ఇంట్లో కూర్చోవడమంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తోటికోడలి సీరియళ్ళ ముందు కూర్చోవడం. ఆవిడ ఆ చేను కోసం పోట్లాడింది అందుకు. నేల మీద మనుషులకుండే ప్రేమలో సగం ఇలాంటిదే. మిగతా సగం గురించి ఉపన్యాసాలు ఉండనే ఉన్నాయి.

"ఈ ఒక్క దాళ్వా నాకు వదిలెయ్యండి" అంది.

బంగార్రాజు ఆలోచించాడు. "సరే. చేలోంచి ఏదో ఒక పంట ఇంటికొచ్చిందా, చెరువు మాటెత్తను. రాలేదా, ఉగాది వెళ్ళిన మర్నాడు పొక్లెయిన్ దిగుతుంది. అప్పుడు అరవకూడదు మరి."

"పంటొస్తే మీరు అరవకూడదు."

ఆయనకి గెలుపు మీద ఎంత నమ్మకమంటే, రాబోయే చెరువు కోసం ఆ వారమే డీజిల్ ఇంజను కొనేశాడు. దానికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, వసారాలో టార్పాలిన్ కప్పి ఉంచాడు.

సూర్యకళకి దారి దొరికింది మండలంలో జరిగిన ఒక సదస్సులో. తక్కువ నీటితో సుస్థిర వ్యవసాయం అని బ్యానరు. తలా ఒక నీళ్ళ సీసా పంచారు. అందరూ రెండు గుక్కలు తాగి కుర్చీల కింద వదిలేశారు. మొదటి గంట అన్నదాతకి వందనాలు పెట్టడంతో సరిపోయింది. వేదిక మీద ఉన్న అన్నదాతలు కానివాళ్ళందరూ, కింద ఉన్న అన్నదాతలకి దణ్ణాలు పెట్టి భోజనానికి లేచారు. అప్పుడు మైకు మంజుష అనే వ్యవసాయ అధికారి చేతికొచ్చింది. చిన్నపిల్ల. వందనాలకి టైము లేక నేరుగా విషయానికి వచ్చేసింది. శివారు భూముల్లో దాళ్వా వరి మీద ఆశ వదులుకోండి, వరి కోసే ముందే ఆ తడిలో మినుములు చల్లండి అంది.

"ఎన్ని తడులు పెట్టాలండి?" అని సూర్యకళ లేచి అడిగింది.

"అసలు పెట్టక్కర్లేదండి. నేలలో ఉన్న చెమ్మ, పైన పడే మంచు, అవి చాలు. నీళ్ళు నిలిస్తేనే ప్రమాదం."

ఆ ఆఖరి ముక్కకి సూర్యకళ ఫక్కున నవ్వింది. "మా ఊళ్ళో నీళ్ళు నిలవడమేంటండి!" అంది. సభంతా నవ్వింది. మంజుష కూడా నవ్వింది.

దాళ్వాకి మినుమే చల్లుతానని ఆవిడ చెబితే గుల్లదిబ్బలో మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు. గోదావరి జిల్లాలో దాళ్వా అంటే వరి. మినుములు వేసుకోవచ్చు, ఎండాకాలంలో, వరి కోసేశాక, సరదాకి. రెండో పంటకే వరి మానేసి మినుము చల్లడమంటే కాలవ లేని మెట్టవాళ్ళమని మన నోటితో మనం ఒప్పుకోవడం. టీ హోటలు నడిపే శాంతికుమార్ అడగనే అడిగాడు.

"ఏంటండి అక్కా, ఈ ఏడు నుంచి మనం మినుములు చల్లే కృష్ణా జిల్లాలో కలిసిపోయామా?"

"కలిస్తే నీ టీ అన్నా బాగుపడుద్దేమో, టీ పొయ్యి" అంది సూర్యకళ.

ఆవిడ అన్నంత పనీ చేసింది. పండిన వరిలో మినుములు చల్లించింది. కోత మిషను చక్రాల కింద మొలకలు చితికిపోతాయని కూలీల చేత కొడవళ్ళతో కోయించింది. బంగార్రాజు గట్టు మీద నిలబడి తల పట్టుకున్నాడు. సంక్రాంతి నెలలో వరిదుబ్బుల మధ్య మినుము పచ్చగా కమ్ముకుంది. పొద్దున్నే మంచుకి ఆకులు తడిసి, ఎవరో చెంబుతో చిలకరించినట్టుండేది. నీళ్ళు లేకుండా పంట పెరుగుతుంటే ఊళ్ళో వాళ్ళకి కొంచెం అవమానంగా కూడా ఉండేది.

ప్రణాళిక అక్కడిదాకా నిక్షేపంగా ఉంది. దాన్ని చెడగొట్టింది సూర్యకళ ఒక్క మాట.

వంతుల ప్రకారం నీళ్ళు వదిలే లస్కరు ఏసుపాదం బోదె గట్టున సైకిలు ఆపి అడిగాడు. "అమ్మా, మీరు మినుము వేశారు గదండి. ఈ దాళ్వాకి మీ వంతు తీసెయ్యమంటారా?"

"ఎవడబ్బ సొమ్మని తీసేస్తావు?"

"మీకు నీళ్ళక్కర్లేదు గదండి..."

"అక్కర్లేకపోవడం నా ఇష్టం. వంతు నా హక్కు. ఒకసారి తీయించుకుంటే మళ్ళీ ఎక్కిస్తారా మీరు? ఉండనీ."

ఏసుపాదం సైకిలెక్కేశాడు. ఆ బోదె కింద నీళ్ళు రాకపోయినా ఎవరికీ పరువు పోదు. వంతు లేకపోతే పోతుంది. పెళ్ళిపత్రికలో పేరున్న బంధువు పెళ్ళికి రాకపోయినా బంధువే. పేరు లేనివాడు వచ్చి పెళ్ళంతా తానై చేసినా పరాయివాడే. సూర్యకళ తన పేరు తీయించుకోలేదు. బంగార్రాజు ఆ ఏడాది ఆవిణ్ణి మెచ్చుకున్నది ఒక్క ఆ విషయంలోనే.

అక్కడితో ఆగినా బాగుండేది. నీటి సంఘం సమావేశానికి కూడా వెళ్ళింది. మినుము చల్లిన మనిషికి నీళ్ళ సమావేశంలో ఏం పని అంటే, ఏటా వెళ్తుంది గనక వెళ్ళింది. సమావేశం సంఘం అధ్యక్షులు గోపాలకృష్ణంరాజుగారి ఇంటి ముందు పెంకుల వసారాలో జరుగుతుంది. ఆయన చేలు బోదెకి మొదట్లోనే ఉంటాయి. మనిషి మహా మర్యాదస్తుడు. ఎవర్నన్నా కోప్పడాలన్నా ముందు కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, అది తాగేదాకా ఆగి, అప్పుడు కోప్పడతారు.

"కాఫీ బాగుందాండి సూర్యకళగారూ?"

"మీ ఇంట్లో కాఫీకేం లోటండి రాజుగారూ. మా ఊరికి మీ కాఫీ వస్తుంది గాని మీ తూము దాటి నీళ్ళే రావు. మీ గేదెల్ని కడుక్కోగా మిగిలినవన్నా వదలండి, కళ్ళకద్దుకుంటాం."

వసారాలో కాఫీ గ్లాసులన్నీ కిందికి దిగాయి. రాజుగారి మొహం ఎర్రబడింది. దాహానికొచ్చినవాళ్ళని పొమ్మన్నారన్న మాట ఆ గడపలో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆయన లేచి నిలబడ్డారు.

"అమ్మా, మీ మాట నాకు గుచ్చుకుందండి. ఈసారి వంతులు శివారు నుంచే మొదలు. మీ చేలో నీళ్ళు నిలబడ్డాకే మా చేలకి. ఇది నా మాట."

అందరూ చప్పట్లు కొట్టారు. సూర్యకళ కూడా కొట్టింది. పెద్దవాళ్ళు ఏటా ఏదో ఒక మాట ఇస్తూనే ఉంటారు, ఇది ఈ ఏటిది అనుకుంది.

మినుము పూతకొచ్చి, పిందె కట్టింది. సూర్యకళ పొంగిపోయి, పంట చేతికి రాకముందే మొక్కు తీర్చేద్దామని గణేష్‌బాబుని లాక్కుని అన్నవరం బయల్దేరింది. కొండమీద వ్రతానికి కూర్చోబోతుంటే ఫోన్ మోగింది.

"అమ్మా సూర్యకళగారూ, నేనండి, గోపాలకృష్ణంరాజుని. ఎక్కడున్నారండి?"

"అన్నవరంలో ఉన్నామండి."

"స్వామి దయండి! ఆయన సన్నిధిలో ఉండగానే చెప్పాలని ఉంది నాకు. మీ చేలో నీళ్ళండి!"

"ఏంటండి?"

"నీళ్ళండి, నీళ్ళు! పొద్దుటి నుంచి గొడుగేసుకుని తూముల దగ్గర నేనే నిలబడ్డాను. పైన ఒక్కణ్ణి కూడా మడవ తీయనివ్వలేదు. మా పాలేరు తీయబోతే వాణ్ణి కూడా కసిరాను. మీ చేను నిండి గట్టు తాకుతున్నాయండి. ఊరంతా వచ్చి చూస్తున్నారు."

సూర్యకళ నోట మాట రాలేదు. గణేష్‌బాబుకి పెళ్ళయిన తర్వాత అలాంటి సంఘటన ఇదే మొదలు. అతను భయపడ్డాడు.

"ఆపండి" అంది చివరికి. "ఆపండి రాజుగారూ, మీకు పుణ్యముంటుంది, ఆపెయ్యండి."

"మీరలాగే అంటారని తెలుసండి. మొహమాటం వద్దమ్మా. మీ హక్కు మీకిస్తున్నాను" అని ఆయన ఫోన్ పెట్టేశారు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. తూము దగ్గర ఆయన చుట్టూ చేరినవాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు.

దొరికిన బస్సుల్లో మారి మారి ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. మర్నాడు తెల్లారుతూనే చేను దగ్గరికి పరిగెత్తారు. మినుము మోకాలి ఎత్తు మొక్క. ఎగువ సగంలో మొదళ్ళు మునిగాయి, దిగువ సగంలో తలలు మాత్రం పైకి తేలుతున్నాయి. ఇన్నేళ్ళూ రాని నీళ్ళు వెళ్ళడానికీ దారి లేదు. మూడు పక్కలా చెరువు గట్లు మనిషెత్తున ఉన్నాయి. దాహానికి తప్ప మరే ఆపదకీ ఆవిడ తయారై ఉండలేదు. విత్తనం, చెమ్మ, మంచు, కూలీలు, అన్నీ ఆలోచించింది. రాజుగారి మర్యాద ఒక్కటీ లెక్కలోకి రాలేదు.

గట్టు మీద బంగార్రాజు నిలబడి ఉన్నాడు.

"ఇంజను కావాలి బావగారూ" అంది సూర్యకళ.

"ఏ ఇంజను?"

"వసారాలో ఉన్నదే. ఇవాళ తోడకపోతే మొత్తం కుళ్ళిపోద్ది."

"అది చెరువుకని కొన్నదమ్మాయ్."

"ఇది చెరువు కాక మరేంటండి?"

బంగార్రాజు చేను వైపు చూశాడు. ఇంజను ఇవ్వకపోతే పంట పోతుంది. పంట పోతే పొక్లెయిన్ వస్తుంది. ఆయన గెలవడానికి ఊరికే నిలబడి ఉంటే చాలు. కానీ ఇంజను కొన్నప్పటి నుంచీ దానితో తోడడానికి తమ నేలలో గుక్కెడు నీళ్ళు లేక, రోజూ టార్పాలిన్ ఎత్తి చూసుకుని, మళ్ళీ కప్పి పడుకుంటున్నాడు. ఇప్పుడు కళ్ళెదురుగా మూడెకరాల నీళ్ళు.

"ఎలా లాగుద్దో చూద్దాం ఓసారి" అన్నాడు. నడుంనొప్పి మాట మర్చిపోయి ఇంజను ట్రక్కు ఆటోలోకి తనే ఎక్కించాడు.

తోడిన నీళ్ళు పోయడానికి బోదె తప్ప దిక్కు లేదు. ఆఖరి తూము మూసి బోదెలోకి పోశారు. బోదె నిండి, నీళ్ళు వెనక్కి, పైకి ఎక్కాయి. రాజుగారి న్యాయం వల్ల తడి లేక నెర్రెలిచ్చిన పై చేలవాళ్ళు ఉరుక్కుంటూ వచ్చి తూములు తెరుచుకున్నారు. శివారు నుంచి పైకి నీళ్ళు పారడం ఆ బోదె పుట్టాక అదే మొదలు. ఇంజను పక్కన బంగార్రాజు తలకి తువ్వాలు చుట్టుకుని, వచ్చినవాళ్ళకల్లా "చూశావా లాగుడు! ఒక్క దమ్ములో స్టార్టయింది" అని చెబుతూ సాయంత్రం దాకా కదల్లేదు.

మధ్యాహ్నం గోపాలకృష్ణంరాజుగారు వచ్చి ఆ దృశ్యం చూసి కళ్ళు ఒత్తుకున్నారు.

"మీ వంతు నీళ్ళు పైవాళ్ళకి పంచుతున్నారా అమ్మా! ఎంత పెద్ద మనసండి!"

సూర్యకళ మోకాళ్ళ దాకా బురదలో ఉంది. చేతిలో పార కూడా ఉంది. దాన్ని కింద పెట్టి, "అంతా మీ దయండి" అంది. ఆవిడ జీవితంలో నిగ్రహమన్నది ఏదైనా ఉంటే అది ఆ క్షణమే.

దిగువ సగం పోయింది. రెండో రోజుకి ఆకులు పండి, వారానికి మొదళ్ళు నల్లబడ్డాయి. ఎగువ సగం కొన్నాళ్ళు వాడి, తర్వాత తేరుకుంది. కాయలు కోసి, ఎండబెట్టి, నూర్చి, మినుములు ఇంటికి చేర్చింది. ఆ మినుములతో తోటికోడలు గారెలు వండింది. బంగార్రాజు గారెలు తింటూ తీర్పు చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. సగం పంట పంటేనని వాదించడానికి సూర్యకళ మాటలు సిద్ధం చేసుకుంది. అవి వాడే అవసరమే రాలేదు.

"చెరువు వద్దమ్మాయ్" అన్నాడాయన. "నేనే పొరపాటు పడ్డాను. నీళ్ళు రావనుకున్నాను. వచ్చాయిగా! గట్టు తాకేలా వచ్చాయి. రాజుగారంతటివాడు మాటిచ్చి నిలబెట్టుకున్నాక, నీళ్ళొచ్చే భూమిని ఎవడన్నా తవ్వుకుంటాడా? వచ్చే దాళ్వాకి వరి ఊడుద్దాం."

సూర్యకళ గారె నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. చేను నిలిచింది. నిలిపింది ఆవిడ మినుము కాదు, దాన్ని ముంచిన నీళ్ళు. నిజం చెప్పాలంటే చెప్పచ్చు. బావగారూ, అది ఒక్కసారి వచ్చింది, ఆ పెద్దాయన ఏటా గొడుగు పట్టుకుని నిలబడడు, వరి ఊడిస్తే ఎండిపోతుంది అని. చెబితే రేపు పొక్లెయిన్ వస్తుంది.

"అలాగేనండి బావగారూ" అంది. గణేష్‌బాబు తలెత్తి భార్యవైపు చూశాడు.

వేసవిలో ఒకరోజు ఆవిడ అరటిపళ్ళ గెల పట్టుకుని రాజుగారింటికి వెళ్ళింది. కుర్చీ వేశారు. కాఫీ వచ్చింది.

"వచ్చే దాళ్వా సంగతి చెబుదామని వచ్చానండి."

"చెప్పాలాండి! మళ్ళీ మీతోనే మొదలు."

"అదే వద్దంటున్నానండి. ముందు మీ చేలు తడుపుకోండి. మాకు ఎప్పటిలా ఉంచండి."

"ఎప్పటిలా అంటే?"

"ఎప్పటిలా అంటే... రాకుండా చూడండి."

రాజుగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. శివారుకి నీళ్ళు రాకుండా చూడమని ఆ వసారాలో ఎవరూ అడగలేదు, అడగకుండానే ఆ పని జరిగిపోతుండేది. లోపలి నుంచి ఆయన భార్య లక్ష్మీనరసమ్మగారి గొంతు వినిపించింది.

"ఒప్పుకోండి. ఆవిడ వంతు పుణ్యమా అని ఈ ఏడు మన దుబ్బుల్లో సగం తాలే. ఆవిడే వద్దంటుంటే మీకేంటి?"

"అయితే వంతు తీయించెయ్యమంటారా అమ్మా?" అని ఆయన గొంతు తగ్గించి అడిగారు.

సూర్యకళ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "వంతు తీయించడం ఏంటండి! వంతు ఉండాలి. నీళ్ళు రాకూడదు."

రాజుగారికి అర్థమైంది. ఆయనా ఆ జిల్లావాడే.

ఈ ఏడు దాళ్వాకి సూర్యకళ వరికోతకు ముందు మళ్ళీ మినుములు చల్లింది. ఇదేంటని బంగార్రాజు అడిగితే, నీళ్ళు వచ్చేలోపు నేల ఖాళీగా ఎందుకండి, రాగానే దున్నేసి ఊడుద్దాం అంది. ఆయనకి నచ్చింది. నారు కూడా వేద్దామన్నాడు. నీళ్ళు బయల్దేరాయని తెలిశాక వేద్దాంలెండి అంది.

ఇప్పుడు మినుము పిందె మీద ఉంది. బంగార్రాజు సాయంత్రంపూట బోదె గట్టున కుర్చీ వేసుకుని ఎగువకి చూస్తూ కూర్చుంటాడు. సూర్యకళ చేలోంచి వస్తూ ఆయన దగ్గర కాసేపు ఆగుతుంది.

"ఎప్పుడొస్తాయంటావమ్మాయ్?"

"వస్తాయండి. పైవాళ్ళది అవ్వాలి గదా."

"రాజుగారికి ఓసారి ఫోన్ చెయ్యనా?"

"పెద్దవాళ్ళని మాటిమాటికీ అడిగితే ఏం బాగుంటుందండి" అని ఆవిడ ఆయన కుర్చీ చేను వైపు తిప్పి, ఇంటికి నడుస్తుంది.